సబ్‌మెరైన్‌లో నెలల తరబడి ఆక్సిజన్ ఎక్కడినుంచి వస్తుంది? మన పీఎస్‌ఏ ప్లాంటు అక్కడ పెట్టొచ్చా?

రేణిగుంట రోడ్డు (తిరుపతి) అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్కారం. నేను తిరుపతిలో ఒక ఆసుపత్రిలో ఆక్సిజన్ ప్లాంట్ ఆపరేటర్ని. లిక్విడ్ ఆక్సిజన్ ట్యాంకు, గాలిలోంచి ఆక్సిజన్ వేరు చేసే పీఎస్‌ఏ ప్లాంటు, సిలిండర్లన్నిటినీ ఒకే గొట్టానికి కలిపే మ్యానిఫోల్డు, మూడూ మా షిఫ్టు వాళ్ళే చూసుకుంటాం. దసరా సెలవుల్లో పిల్లల్ని వైజాగ్ తీసుకెళ్ళి ఆర్కే బీచ్‌లో కుర్సురా సబ్‌మెరైన్ చూపించాను. బయటికి వచ్చాక ఇంటర్ చదివే మా పెద్దోడు అడిగాడు, "నాన్నా, నువ్వు చేసే పని ఇందులో ఎవరు చేస్తారు?" అని. అప్పటినుంచీ అదే ఆలోచన.

ఇంటికొచ్చి నాకు తెలిసిన లెక్క వేశాను. మా దగ్గర పెద్ద సిలిండర్ అంటే డీ టైపు, 7 క్యూబిక్ మీటర్లు, అంటే 7,000 లీటర్ల గ్యాస్. ఊరికే కూర్చున్న మనిషి ఒంటికి పట్టేది నిమిషానికి పావు లీటరు ఆక్సిజనే. పనీ పాటా కలుపుకుని రోజుకి 600 లీటర్లు అనుకుందాం. ఒక సిలిండరు ఒక మనిషికి పదకొండు రోజులు వస్తుంది. వంద మంది రెండు నెలలు నీళ్ళలో మునిగి ఉండాలంటే 500 పైచిలుకు సిలిండర్లు కావాలి. ఖాళీ సిలిండరే దగ్గర దగ్గర ఒక మనిషి బరువు. కుర్సురాలో నేను పక్కకి తిరిగి నడిచిన ఆ సందుల్లో అన్ని సిలిండర్లు ఎక్కడ పెడతారు? వార్డులో నిమిషానికి 10 లీటర్లు పెట్టిన పేషెంటుకి రోజుకి 14,400 లీటర్లు పోతాయి కదా అని ఎవరైనా అడగొచ్చు. అందులో చాలా భాగం పేషెంటు ఒంటికి పట్టకుండా గదిలోకే పోతుంది, కాబట్టి ఆ లెక్క ఇక్కడ కుదరదు.

నా అనుమానాలు ఇవి. మా పీఎస్‌ఏ ప్లాంటు గాలిలోంచే ఆక్సిజన్ తీస్తుంది కదా, చిన్నది ఒకటి సబ్‌మెరైన్‌లో పెడితే సరిపోదా? లేదంటే చుట్టూ ఉన్నది సముద్రమే, చేపలు పీల్చుకునే ఆక్సిజన్ మనం ఎందుకు తీసుకోలేం? నీళ్ళని కరెంటుతో విడగొడతారని స్కూల్లో చదివాం, ఉప్పునీళ్ళకి కూడా అది పనిచేస్తుందా?

2021 మే నెలలో, కరోనా సమయంలో, మన జిల్లాలో ఆక్సిజన్ ట్యాంకర్ ఎప్పుడొస్తుందా అని రోడ్డు వైపు చూస్తూ కూర్చున్న వాళ్ళలో నేనూ ఉన్నాను. ప్రెషర్ గేజి ముల్లు కిందికి దిగుతుంటే మనసు ఎలా ఉంటుందో ఆ పని చేసినవాళ్ళకే తెలుస్తుంది. ట్యాంకరే రాని చోట, నడి సముద్రంలో, ఈ పని చేసేవాళ్ళ గురించి తెలుసుకోవాలని నిజంగా ఉంది. తెలిసినవాళ్ళు వివరంగా చెప్పండి.

తుమ్మలగుంట మాస్టారు (తిరుపతి) జవాబు:

బాబూ, కెమిస్ట్రీ చెప్పి రిటైరైనవాణ్ణి కాబట్టి మొదటి రెండు అనుమానాలు నాకు వదిలెయ్యండి.

పీఎస్‌ఏ ప్లాంటు ఆక్సిజన్ తయారు చెయ్యదు, వేరు చేస్తుంది. మీ ప్లాంటు టవర్లలో ఉన్న జియోలైట్ గుళికలు ప్రెషర్ మీద నైట్రోజన్‌ని పట్టుకుని ఆక్సిజన్‌ని వదిలేస్తాయి. అందుకే మీకు 93 శాతం దాకా ఆక్సిజన్ వస్తుంది. బయట గాలి ఎంత కావాలంటే అంత ఉంది కాబట్టి మీకు లోటు తెలియదు. మూసేసిన సబ్‌మెరైన్‌లో ఉన్న గాలి ఉన్నంతే. అందులోంచి ఆక్సిజన్ తీసి మళ్ళీ అందులోకే వదిలితే కొత్తగా ఒక్క లీటరు కూడా రాదు.

చేపల సంగతి. చల్లటి సముద్రపు నీరు లీటరులో కరిగి ఉండే ఆక్సిజన్ 7, 8 మిల్లీగ్రాములు. మనిషికి రోజుకి కావలసింది సుమారు 840 గ్రాములు. నీళ్ళలో ఉన్నదంతా ఒక్క చుక్క వదలకుండా పిండినా, ఒక్క మనిషికే రోజుకి లక్ష లీటర్లకు పైగా నీళ్ళు వడకట్టాలి. వంద మందికి కోటి లీటర్లు దాటుతుంది. చేప ఒళ్ళు చల్లగా ఉంటుంది, దాని ఖర్చు తక్కువ. వెచ్చటి ఒళ్ళున్న తిమింగలం కూడా పైకి వచ్చి గాలి పీల్చుకునే పోతుంది. పైగా మన బంగాళాఖాతంలోనూ, అరేబియా సముద్రంలోనూ కొన్ని వందల మీటర్ల లోతున ఆక్సిజన్ బాగా తక్కువగా ఉండే పెద్ద పొర ఒకటుంది. సబ్‌మెరైన్ దాక్కోవాలనుకునే లోతులో వడకట్టడానికి కూడా ఏమీ మిగలదు.

ఇంకో మాట. అందరూ ఆక్సిజన్ అయిపోతుందని భయపడతారు. పది అడుగుల పొడవు, వెడల్పు, ఎత్తు ఉన్న గదిని గాలి చొరబడకుండా మూసి ఒక మనిషిని ఉంచామనుకోండి. గదిలో 28,000 లీటర్ల గాలి ఉంటుంది. గంటకి 25 లీటర్ల ఆక్సిజన్ వాడుకుని, 20 లీటర్ల చిల్లర కార్బన్ డయాక్సైడ్ వదులుతాడు. రెండో రోజు గడవకముందే గదిలో కార్బన్ డయాక్సైడ్ 3 శాతానికి చేరి తలనొప్పి, ఆయాసం మొదలవుతాయి. అప్పటికి ఆక్సిజన్ ఇంకా 17 శాతం దాకా ఉంటుంది. మనం వదిలే ఊపిరిలోనే 16 శాతం ఆక్సిజన్ ఉంటుంది కదా. ముందు దెబ్బ కొట్టేది మనం వదిలిన గాలే.

కొంగారెడ్డిపల్లె నేవీ (చిత్తూరు) జవాబు:

తమ్ముడూ, నేను నేవీలో సబ్‌మెరైన్ల మీద పనిచేసి రిటైరై చిత్తూరులో ఉంటున్నాను. ఇంజిన్ రూము నా డ్యూటీ. కుర్సురా లాంటి రష్యా తరహా డీజిల్ సబ్‌మెరైన్ల మీదే నా సర్వీసు గడిచింది. మీ అబ్బాయి అడిగిన పని లోపల ఒకరు చేసేది కాదు. ప్రతి కంపార్ట్‌మెంట్‌లో డ్యూటీలో ఉన్నవాళ్ళందరిదీ అది.

మాస్టారి గది లెక్క చదివి చాలా సంతోషమేసింది. ఆక్సిజన్ గురించి అందరూ అడుగుతారు, కార్బన్ డయాక్సైడ్ గురించి అడిగేవాళ్ళు తక్కువ. 1939 జూన్‌లో ఇంగ్లండ్‌లో లివర్‌పూల్ దగ్గర థెటిస్ అనే కొత్త సబ్‌మెరైన్ ట్రయల్స్‌లో మునిగింది. ట్రయల్స్ కదా, మామూలుగా ఉండేదానికి రెట్టింపు మంది, 103 మంది ఉన్నారు లోపల. తోక భాగం నీళ్ళ పైకి కనబడుతూనే ఉంది. నలుగురే బయటపడ్డారు. 99 మంది పోయారు, చాలామంది కార్బన్ డయాక్సైడ్ వల్లే. ఆ గాలిలో మెదడు మొద్దుబారి, చేతులు చెప్పినమాట వినవు. బయటపడే దారి ముందే ఉన్నా దాన్ని సరిగ్గా వాడుకునే శక్తి ఉండదు. నాకు ట్రైనింగ్‌లో ఈ సంగతి చెప్పినప్పుడు క్లాసులో ఎవరూ మాట్లాడలేదు.

ముందు డీజిల్ సబ్‌మెరైన్ ఎలా బతుకుతుందో చెబుతాను. అందులో ఆక్సిజన్ తయారు చేసే పెద్ద మెషీన్ ఉండదు. పూర్తిగా తేలకుండా స్నార్కెల్ అనే గొట్టం మాత్రం నీళ్ళ పైకి పెట్టి గాలి లాక్కుంటుంది. ఆ గాలి అసలు డీజిల్ ఇంజిన్ల కోసం. అవి నడిస్తేనే బ్యాటరీలు చార్జి అవుతాయి. మనుషులకి అందులో వాటా దొరుకుతుంది. పెద్ద అల వచ్చి గొట్టం మూతి మీద వాల్వు మూసుకుపోతే ఇంజిన్ వెంటనే ఆగదు, లోపలి గాలినే లాగేస్తుంది. చెవులు రెండూ బిగుసుకుపోతాయి. వాల్వు తెరుచుకోగానే టప్పున వదులుతాయి. కొత్త కుర్రాళ్ళు మొదటిసారి బెదిరిపోయేవాళ్ళు. కానీ స్నార్కెల్ మొదలైన కాసేపటికే లోపలి గాలంతా మారిపోయేది. అంతదాకా డీజిల్, చెమట, గ్యాలీలో వేసిన తాలింపు అన్నీ కలిసి ఒక వాసన ఉంటుంది. లోపల ఉన్నన్నాళ్ళు అది మనకి తెలియదు. ఇంటికొచ్చి బ్యాగు తెరిస్తే ఇంట్లోవాళ్ళకి తెలుస్తుంది.

స్నార్కెల్ పెట్టే వీలు లేనప్పుడు, అంటే పైన ఎవరో వెతుకుతున్నప్పుడు, రీజెనరేషన్ పలకలు వాడాలి. సీలు వేసిన రేకు డబ్బాల్లో వస్తాయి. డబ్బా తెరిచి, గ్లౌజులు వేసుకున్న చేతులతో పలకలు తీసి స్టాండులో నిలువుగా, ఒకదానికొకటి తగలకుండా అమర్చాలి. వాటి మీద ఉండే పసుపుపచ్చ పదార్థం పొటాషియం సూపర్ ఆక్సైడ్. మన ఊపిరిలో ఉన్న తేమ తగిలితే అది ఆక్సిజన్ వదులుతుంది. అప్పుడు మిగిలే పొటాషియం హైడ్రాక్సైడ్, గాలిలో ఉన్న కార్బన్ డయాక్సైడ్‌ని పట్టేసుకుంటుంది. ఒకే పలక రెండు పనులూ చేస్తుంది. ఫ్యాను కూడా అక్కర్లేదు. పలకలు వేడెక్కుతాయి కాబట్టి గాలి దానంతటదే కిందనుంచి పైకి సాగుతుంది. దగ్గర నిలబడితే ఆ వెచ్చదనం మొహానికి తగులుతుంది. ఎవరు ఎక్కువ పని చేస్తే వాళ్ళ ఊపిరిలో తేమ, కార్బన్ డయాక్సైడ్ ఎక్కువ వస్తాయి, పలక కూడా దానికి తగ్గట్టు ఎక్కువ ఆక్సిజన్ ఇస్తుంది. ఇంత తెలివైన పదార్థాన్ని నేను ఇంకోటి చూడలేదు.

దీని లెక్క కూడా చెబుతాను, మీకు లెక్కలంటే ఇష్టం కదా. కిలో సూపర్ ఆక్సైడ్ నుంచి కిలోలో మూడో వంతు ఆక్సిజన్ వస్తుంది. మాస్టారు చెప్పిన 840 గ్రాములు రావాలంటే మనిషికి రోజుకి రెండున్నర కిలోలు. 75 మందికి రోజుకి దాదాపు 190 కిలోలు. ఇది కాగితం మీద లెక్క. పలక చివరిదాకా పూర్తిగా పనిచెయ్యదు కాబట్టి నిజంగా ఇంకా ఎక్కువే పడుతుంది. అందుకే ఇది రోజులు గట్టెక్కించే ఏర్పాటు, నెలలు గడిపేది కాదు.

అణు సబ్‌మెరైన్ అయితే వేరే కథ. మన అరిహంత్ 2009 జులై 26న వైజాగ్‌లోనే నీళ్ళలోకి దిగింది. దానిలో ఏ మెషీన్ ఎలా ఉందో నేను రాయను, రాయకూడదు. ప్రపంచంలో మామూలుగా అందరూ వాడే పద్ధతి చదువుకున్నవాళ్ళు ఎవరైనా చెప్పగలరు. ఆ పలకకి నూనె తగిలితే ఏమవుతుందనేది మాత్రం నేనే విడిగా రాస్తాను.

ఏర్పేడు స్కాలర్ (తిరుపతి జిల్లా) జవాబు:

నేను ఎలక్ట్రోలైజర్ల మీదే, అంటే నీళ్ళని కరెంటుతో విడగొట్టే మెషీన్ల మీదే రీసెర్చ్ చేస్తున్నాను కాబట్టి ఆ భాగం నేను రాస్తాను అంకుల్.

నీళ్ళలో బరువు ప్రకారం చూస్తే తొమ్మిది పాళ్ళలో ఎనిమిది పాళ్ళు ఆక్సిజనే. అంటే ఒక మనిషికి రోజుకి కావలసిన ఆక్సిజన్‌కి ఒక లీటరు నీళ్ళు చాలు. వంద మందికి వంద లీటర్లు. ప్రశ్న అడిగిన అన్నయ్య వేసిన 500 సిలిండర్ల లెక్క పక్కన ఇది పెట్టి చూడండి. రెండు నెలలకి ఆరు వేల లీటర్లు, అంటే మన వీధికి వచ్చే నీళ్ళ ట్యాంకర్‌లో పట్టేంత నీళ్ళు. అది కూడా మోసుకెళ్ళక్కర్లేదు, చుట్టూ ఉంది.

కానీ ఉప్పునీళ్ళు నేరుగా పనికిరావు. సముద్రపు నీళ్ళలో కరెంటు పెడితే ఆక్సిజన్ రావలసిన ఎలక్ట్రోడ్ దగ్గర క్లోరిన్ కూడా పుడుతుంది. 1915లో మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికుల మీద వదిలిన విషవాయువు అదే. మూసిన గదిలో కొంచెం చేరినా ఊపిరితిత్తులు కాలిపోతాయి. అందుకే ముందు సముద్రపు నీటిని ఆవిరి చేసో, ఆర్వో పద్ధతిలోనో మంచినీరు చేస్తారు. తర్వాత అందులో మిగిలిన లవణాలు కూడా తీసేస్తారు. శుద్ధమైన నీళ్ళలో కరెంటు సరిగ్గా పారదు. ఒక పద్ధతిలో నీళ్ళలో పొటాషియం హైడ్రాక్సైడ్ కలుపుతారు. ఇంకో పద్ధతిలో రెండు ఎలక్ట్రోడ్ల మధ్య పలచటి ప్లాస్టిక్ పొర పెడతారు. ఆ పొర హైడ్రోజన్ అయాన్లని మాత్రం దాటనిస్తుంది, రెండు గ్యాసుల్ని కలవనివ్వదు. మా ల్యాబ్‌లో నేను రోజూ పట్టుకునేది ఈ పొరనే. తడిగా ఉన్నప్పుడు మెత్తగా సాగుతుంది, ఆరితే ముడుచుకుపోతుంది. ఒక్క గీత పడినా ఆ సెల్ తీసి పక్కన పెడతాం. సబ్‌మెరైన్‌లో ఈ పొరకి చిల్లు పడితే హైడ్రోజన్, ఆక్సిజన్ ఒకే గొట్టంలో కలుస్తాయి. గాలిలో హైడ్రోజన్ 4 శాతం దాటితే అంటుకుంటుంది. ఈ మెషీన్ల దగ్గర సెన్సర్లు అంత ఎక్కువ ఉండేది దీనికే.

కరెంటు ఖర్చు: ఒక మనిషికి రోజుకి సుమారు 6 యూనిట్లు పడుతుంది. వంద మందికి 600 యూనిట్లు, అంటే 25 కిలోవాట్ల మెషీన్ ఆగకుండా నడవాలి. అణు రియాక్టర్‌కి ఇది లెక్కలోది కాదు. బ్యాటరీ మీద పొదుపుగా పాకే డీజిల్ సబ్‌మెరైన్‌కి చాలా పెద్ద భారం. ఆ రెండింటి మధ్య తేడా అంతా ఇక్కడే ఉంది. అమెరికా నాటిలస్ 1958లో ఉత్తర ధ్రువం కింద మంచు లోపలినుంచి దాటిందంటే, గాలి కోసం పైకి రావాల్సిన పని లేకపోవడం వల్లే. పైన మంచు, స్నార్కెల్ పెట్టడానికి చోటే లేదు.

పుట్టిన హైడ్రోజన్‌ని సముద్రంలోకి వదిలేస్తారు. అంతరిక్ష కేంద్రంలో మాత్రం దాన్ని వాడుకునే ప్రయత్నం కూడా చేశారు. అక్కడ నీళ్ళు బంగారం లాంటివి కాబట్టి హైడ్రోజన్‌ని కార్బన్ డయాక్సైడ్‌తో కలిపి మళ్ళీ నీళ్ళు చేసే యంత్రం కూడా పెట్టారు.

కార్బన్ డయాక్సైడ్ తీసేది వేరే మెషీన్. మోనో ఇథనాల్ అమీన్ అనే ద్రవం చల్లగా ఉన్నప్పుడు దాన్ని పట్టుకుంటుంది, వేడి చేస్తే వదిలేస్తుంది. వదిలినదాన్ని ప్రెషర్ పెట్టి సముద్రంలోకి నెట్టి, ద్రవాన్ని చల్లబరిచి మళ్ళీ వాడతారు. ఈ అమీన్ వాసన బట్టలకి పట్టేస్తుందని అణు సబ్‌మెరైన్లలో పనిచేసినవాళ్ళు చెబుతారు. వంట వల్ల, యంత్రాల వల్ల వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌ని, బ్యాటరీల నుంచి వచ్చే హైడ్రోజన్‌ని 300 డిగ్రీల పైన ఉండే ఒక క్యాటలిస్ట్ మీదుగా పంపి కాల్చేస్తారు.

రేణిగుంట రోడ్డు:

అందరికీ చాలా థ్యాంక్స్. మా వాడికి చదివి వినిపించాను. వాడికంటే నాకే ఎక్కువ ఆసక్తిగా ఉంది.

ఒక్కటి అడుగుతాను. మా లిక్విడ్ ట్యాంకులో ఆక్సిజన్ మైనస్ 183 డిగ్రీల దగ్గర ద్రవంగా ఉంటుంది. లీటరు లిక్విడ్ నుంచి 860 లీటర్ల దాకా గ్యాస్ వస్తుంది. ఈ లెక్కన మనిషికి రోజుకి ముప్పావు లీటరు లిక్విడ్ చాలు. పదివేల లీటర్ల ట్యాంకు ఒక్కటి వంద మందికి నాలుగు నెలలు పైగా రావాలి కదా. మెషీను, సెన్సర్లు, ఇంత తంటా లేకుండా ట్యాంకు ఒకటి నింపుకుని పోవచ్చు కదా? ఇంకోటి, ఆక్సిజన్ ఎక్కువే ఉత్పత్తి చేసుకోగలిగినప్పుడు లోపల 21 శాతం కంటే కాస్త ఎక్కువే ఉంచుకుంటే మనుషులకి హుషారుగా ఉండదా?

కొంగారెడ్డిపల్లె నేవీ:

మంచి ప్రశ్న తమ్ముడూ. మీ ట్యాంకు పక్కన నిలబడితే అప్పుడప్పుడూ సేఫ్టీ వాల్వు బుస్సుమనడం వింటూనే ఉంటారు. ఎంత బాగా ఇన్సులేషన్ చేసినా లిక్విడ్ కొంచెం కొంచెం మరుగుతూనే ఉంటుంది, ఆ గ్యాస్ ఎక్కడికో పోవాలి. మీకు పైన ఆకాశం ఉంది. మూసిన బోటులో ఆ గ్యాస్ లోపలికే వస్తే ఆక్సిజన్ శాతం పెరిగిపోతుంది. నడి సముద్రంలో మళ్ళీ నింపుకునే చోటు కూడా ఉండదు. అయినా లిక్విడ్ ఆక్సిజన్ మోసే సబ్‌మెరైన్లు లేకపోలేదు. ఏఐపీ అని, అంటే బయటి గాలి అక్కర్లేకుండా నడిచే ఏర్పాటు, కొన్ని దేశాల డీజిల్ సబ్‌మెరైన్లలో ఉంది. వాటిలో, స్నార్కెల్ పెట్టకుండా ఎక్కువ రోజులు మునిగి ఉండటానికి ఆ ట్యాంకు ఉంటుంది. ఇంజిన్‌కో, కరెంటు పుట్టించే ఫ్యూయల్ సెల్‌కో ఇచ్చి, కొంత మనుషులకి కూడా వాడుకుంటారు. రియాక్టరు, నీళ్ళు రెండూ ఉన్న బోటుకి ఆ అవసరం లేదు.

ఇక శాతం సంగతి. లోపల ఆక్సిజన్‌ని 21 కంటే ఎక్కువ ఉంచరు. 19, 20 మధ్య కాస్త తక్కువగానే ఉంచుతారు. మనిషికి తేడా తెలియదు, నిప్పుకి తెలుస్తుంది. 16 శాతం దగ్గర కొవ్వొత్తి ఆరిపోతుంది, మనిషి బతికే ఉంటాడు. 24, 25కి పోతే మామూలుగా అంటుకోని బట్ట కూడా భగ్గుమంటుంది. సబ్‌మెరైన్‌లో మంట వస్తే పారిపోవడానికి చోటు లేదు. ఆ మంటే మన గాలిని తింటుంది, ఆ పొగే మనం పీల్చాలి.

నూనె సంగతి రాస్తానన్నాను. 2000 ఆగస్టు 12న బారెంట్స్ సముద్రంలో రష్యా అణు సబ్‌మెరైన్ కుర్స్క్ ముందు భాగంలో టార్పెడోలు పేలి మునిగింది. మొత్తం 118 మంది. పేలుడు తర్వాత 23 మంది తోక వైపు ఉన్న తొమ్మిదో కంపార్ట్‌మెంట్‌లోకి చేరారు. వాళ్ళలో ఒక ఆఫీసర్, దిమిత్రి కొలెస్నికోవ్, చీకట్లో కాగితం మీద వాళ్ళ వివరాలు రాసి పెట్టాడు. వాళ్ళ దగ్గర నేను పైన చెప్పినలాంటి రీజెనరేషన్ పలకలు ఉన్నాయి. లోపలికి నీళ్ళు వచ్చాయి, నీళ్ళ మీద నూనె తేలుతోంది. ఆ పలకలు ఆ నూనె నీళ్ళలో పడి భగ్గుమన్నాయని దర్యాప్తులో తేలింది. మిగిలిన ఆక్సిజన్ ఆ మంటకే అయిపోయింది. ఊపిరి ఇవ్వాల్సిన వస్తువే వాళ్ళ ఊపిరి తీసింది. వాళ్ళది అజాగ్రత్త అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. చీకటి, చలి, నీళ్ళు, వణికే చేతులు, పాడైన గాలిలో మొద్దుబారిన బుర్ర. అలాంటి చోట పలక జారకుండా పట్టుకోవడం ఎంత కష్టమో, వెలుతురులో, పొడి చేతులతో ఆ పని చేసిన నాకు ఊహకి అందుతుంది.

2007 మార్చిలో బ్రిటన్ సబ్‌మెరైన్ టైర్‌లెస్ ఆర్కిటిక్ మంచు కింద ఉన్నప్పుడు ఇంకో రకం ప్రమాదం జరిగింది. దానిలో ఆక్సిజన్ క్యాండిల్స్ ఉండేవి. పేరు క్యాండిలే గానీ, ఇనుప పొడి కలిపి గట్టిగా కూరిన సోడియం క్లోరేట్ అది. ఒక చివర అంటిస్తే ఇనుము కాలి, ఆ వేడికి, దాదాపు 600 డిగ్రీల దగ్గర, క్లోరేట్ విడిపోయి ఆక్సిజన్, మామూలు ఉప్పు మిగులుతాయి. మెషీన్ ఆగినప్పుడు వాడే రిజర్వు ఇది. కిలో క్లోరేట్ నుంచి కాగితం మీద లెక్కన 450 గ్రాముల దాకా ఆక్సిజన్ వస్తుంది, ఏళ్ళ తరబడి నిలవ ఉంటుంది, కరెంటు అక్కర్లేదు. ఆ రోజు వెలిగించిన క్యాండిల్ పేలి ఇద్దరు నావికులు చనిపోయారు. లోపలికి నూనె చేరి ఉంటుందని విచారణ బృందం తేల్చింది. 1997 ఫిబ్రవరి 23న మీర్ అంతరిక్ష కేంద్రంలో మంట పుట్టింది కూడా ఇలా రసాయనంతో ఆక్సిజన్ ఇచ్చే డబ్బాలోనే. ఆ మంటకి ఆక్సిజన్ అదే అందించుకుంటుంది, కాబట్టి దుప్పటి కప్పినా ఆరదు.

అందుకే తమ్ముడూ, ఇంజిన్ రూములో పనిచేసిన చేతులతో ఆ డబ్బాల దగ్గరికి మమ్మల్ని రానిచ్చేవాళ్ళు కాదు. చేతులు కడుక్కున్నా సరే, గ్లౌజు మార్చాలి. డబ్బాల సీలు పాడైందేమో తిప్పి తిప్పి చూసేవాళ్ళం. గాలిలో కార్బన్ డయాక్సైడ్ ఎంతుందో చూడటానికి చిన్న గాజు గొట్టాలు ఉండేవి. చేతిపంపుతో గాలి లాగితే లోపలి పొడి రంగు మారుతూ గీత దాకా వస్తుంది. ప్రతి కంపార్ట్‌మెంట్‌లో చూసి పుస్తకంలో రాయాలి. పైకి చూస్తే క్లర్కు పని. నేను సర్వీసులో గర్వపడే పని ఏదంటే అదే చెబుతాను.

తుమ్మలగుంట మాస్టారు:

మా కాలంలో ల్యాబ్‌లో పొటాషియం క్లోరేట్ వేడి చేసి ఆక్సిజన్ తయారు చేయించేవాళ్ళం. అందులో కలిపే మాంగనీస్ డయాక్సైడ్ సీసాలో బొగ్గు పొడి కలిసి ఉంటే పేలుతుందేమోనని ప్రతిసారీ ముందు చిటికెడు వేడి చేసి చూసేవాణ్ణి. పిల్లలు విసుక్కునేవాళ్ళు. వాళ్ళు ఈ చర్చ చదివితే బాగుండు.

రేణిగుంట రోడ్డు:

అన్నా, మా మ్యానిఫోల్డు గదిలో గోడ మీద ఎర్ర అక్షరాలతో "నూనె, గ్రీజు వాడరాదు" అని బోర్డు ఉంటుంది. కొత్తగా చేరినవాళ్ళు రెగ్యులేటర్ థ్రెడ్ బిగుసుకుంటే కాస్త కొబ్బరినూనె రాద్దామంటారు, మేం అరుస్తాం. ఎందుకని అడిగితే రూలు అనేవాళ్ళం. ఇకమీదట ఈ రెండు సబ్‌మెరైన్ల సంగతీ చెబుతాను. ట్రైనింగ్‌లో వాల్వు నెమ్మదిగా తెరవమని కూడా చెబుతారు. అదీ ఇందుకేనా? సబ్‌మెరైన్‌లోనూ అంతేనా?

కొంగారెడ్డిపల్లె నేవీ:

ఎక్కడైనా అంతే. వాల్వు ఒక్కసారిగా తెరిస్తే 150 బార్ల ప్రెషర్‌లో ఉన్న గ్యాస్ ఖాళీ గొట్టంలోకి దూకుతుంది. అక్కడున్న కొద్దిపాటి గ్యాస్ చటుక్కున నలిగి, రెప్పపాటులో కొన్ని వందల డిగ్రీలకి వేడెక్కుతుంది. రెగ్యులేటర్ మూతి దగ్గర వేలిముద్రంత నూనె గానీ, చిన్న దుమ్ము గానీ, తగని రబ్బరు వాషరు గానీ ఉంటే అంటుకోవడానికి అది చాలు. స్వచ్ఛమైన ఆక్సిజన్‌లో స్టీలు కూడా మండగలదు. కాబట్టి సిలిండర్ మూతి ముందు శుభ్రమైన పొడిబట్టతో తుడవండి, మొహం పక్కకి పెట్టి, గేజి ముల్లు మెల్లగా లేచేలా వాల్వు కొంచెం కొంచెంగా తిప్పండి. రెగ్యులేటర్‌కి ఆక్సిజన్ కోసమని ఇచ్చిన వాషరే వెయ్యండి. థ్రెడ్ బిగుసుకుంటే ఆ రెగ్యులేటర్ పక్కన పెట్టి వేరేది తీసుకోండి, నూనె జోలికి మాత్రం పోవద్దు.